మేము కట్టిన సైటు ఎందుకు తెరుచుకోలేదు: వెబ్ డిజైనర్ పని, మారిన పనిముట్లు

గత ఏడాది ఏప్రిల్ 14 సభ అయిపోయాక ఒంగోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా చేతిలో ఒక సీడీ పెట్టాడు. జిల్లా దళిత సంఘంలో పాతికేళ్లకు పైగా తిరిగిన మనిషి. “తమ్ముడూ, ఇది మీరు చేసిపెట్టిందే. మా పిల్లలు తెరుద్దామంటే తెరుచుకోవట్లేదంట. మన నిజనిర్ధారణ రిపోర్టులన్నీ ఇందులోనే ఉన్నాయి కదా” అన్నాడు. 2009లో ఆ సంఘానికి మేము డబ్బు తీసుకోకుండా చేసిన వెబ్‌సైటు అది. ఏటేటా డొమైన్‌కి కట్టేవాళ్లు లేక మూడేళ్లకే ఆగిపోయింది. మిగిలింది ఆ సీడీ ఒక్కటే.

గదికి వచ్చి తెరిచి చూశాం. మొదటి పేజీలో నీలి జెండా రెపరెపలాడి, దాని కింద మెనూ జారుతూ రావాలి. ఆ చోట బూడిదరంగు పెట్టె ఒకటి ఉంది. అది ఫ్లాష్‌లో చేసిన మెనూ. మెనూ లేకపోతే లోపలి పేజీలకు దారే లేదు. ఫోల్డర్‌లోకి పోయి ఒక్కో ఫైలు విడిగా తెరిస్తే, తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు కలగలిసిపోయి ఉన్నాయి. అవి అనూ ఫాంటులో టైపు చేసినవి. కొన్ని రిపోర్టులను బొమ్మలుగా మార్చి పెట్టాం. అవి కనిపిస్తున్నాయి గానీ ఫోన్లో చదవలేనంత మసకగా ఉన్నాయి.

సంఘం వాళ్లు కాగితాలు జాగ్రత్తగానే ఇచ్చారు. అవి ఎక్కువ కాలం నిలిచేలా పెట్టలేకపోయింది మేమే. అప్పట్లో మాకు నేర్పిన పని అదే, మేము గొప్పగా చేశామనుకున్న పనీ అదే.

వెబ్ డిజైనర్ అవ్వాలంటే ఏం నేర్చుకోవాలని అడిగే విద్యార్థులకు ఇన్నాళ్లూ కోర్సుల పేర్లు చెబుతూ వచ్చాం. ఆ సీడీ చూశాక చెప్పాల్సింది వేరే ఉందనిపించింది. ఈ పనిలో నేర్చుకున్నది నాలుగైదేళ్లకోసారి పాతబడుతుంది. అలా పాతబడిన ప్రతిసారీ పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి వస్తారు, వెనక వచ్చినవాళ్లకు కాస్త చోటు దొరుకుతుంది. మాకు చోటు దొరికింది అలాగే. కానీ మళ్లీ నేర్చుకోవడానికి కావలసిన తీరిక, కంప్యూటరు, ఇంగ్లీషు అందరికీ ఒకేలా ఉండవు. దానికి తోడు, పాతబడిన పనిముట్టుతో పాటు దానితో దాచుకున్న రాతలు కూడా పోతాయి. ఈ రెండూ చెప్పడానికే ఈ వ్యాసం.

‘మేము’ అంటే ఎవరో కూడా చెప్పాలి. ఒకే సాంఘిక సంక్షేమ హాస్టల్లో పదో తరగతి దాకా చదివిన ముగ్గురం. డిగ్రీ అయ్యాక 2007లో హైదరాబాద్ వచ్చి ఎస్సార్ నగర్‌లో ఒక గదిలో దిగాం. సికింద్రాబాద్ సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి, ముగ్గురికీ వంతులు. ఒకడు ఇప్పటికీ అదే పనిలో ఉన్నాడు. ఒకడు గ్రూప్స్ రాసి ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లాడు. ఇది రాస్తున్న మనిషి పదేళ్లు ఆ పని చేసి పీహెచ్‌డీలో చేరాడు. రాసేది ఒక్కరే అయినా ఒకే కీబోర్డు మీద నేర్చుకున్న సంగతులు గనక ‘నేను’ అని రాయడం కుదరట్లేదు.

ముందు ఈ రంగపు తలుపు గురించి. టిమ్ బెర్నర్స్-లీ 1989లో యూరప్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో వెబ్ ఆలోచనను ముందుపెట్టాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ, దాన్ని ఎవరైనా రుసుము కట్టకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. వెబ్ పేజీకి ఒక విచిత్రమైన గుణం ఉంది. ఏ పేజీ మీదైనా మౌస్ కుడి బటన్ నొక్కి ‘వ్యూ సోర్స్’ అంటే ఆ పేజీని ఎలా రాశారో మొత్తం కనిపిస్తుంది. కూర వడ్డించి, వండిన పద్ధతి కూడా చేతిలో పెట్టినట్టు. చూసి నేర్చుకున్నందుకు బొటనవేలు అడిగిన కథ వింటూ పెరిగిన మాకు, చూసి నేర్చుకో అని తెరే చెప్పడం కొత్త. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి కాళ్లకూ మొక్కక్కర్లేదు. డిగ్రీ కాగితం కూడా అడగదు.

అమీర్‌పేటలో మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ట్రేడ్ సెంటర్ నిండా బోర్డులే. ఇంజినీరింగ్ చదివి వచ్చినవాళ్లు జావా, డాట్‌నెట్ గదుల్లోకి పోయేవాళ్లు. బీఏ, బీకాం చదివి వచ్చిన మాలాంటివాళ్లకు ‘నీకు వెబ్ డిజైనింగ్ అయితే సరిపోతుంది’ అని కౌంటర్ దగ్గరే తేల్చేసేవాళ్లు. ఆ గదిలో ఎక్కువమంది మన వాడల నుంచి, బీసీ కుటుంబాల నుంచి, పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లు. కోడ్ రాసేవాడు పైన, రంగులు వేసేవాడు కింద అనే మెట్ల వరుస ఈ రంగంలో కూడా ఉందని అక్కడే తెలిసింది. అలా చిన్నచూపు చూసిన పనే మాకు దారి అయింది, అది వేరే సంగతి.

నేర్పింది ఏమిటంటే ఫోటోషాప్, డ్రీమ్‌వీవర్, ఫ్లాష్, టేబుల్స్. ఇక్కడ టేబుల్స్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పని ఎలా మారుతూ వచ్చిందో అందులో బాగా తెలుస్తుంది.

హెచ్‌టీఎమ్‌ఎల్ అంటే రాతలో ఏది ఏమిటో చెప్పే గుర్తులు, అంతే. ఒక కరపత్రం ఊహించండి. పైన పెద్దక్షరాల్లో ‘ఛలో కలెక్టరేట్’ అన్నది శీర్షిక. కింద ఉన్నది పేరా. డిమాండ్లు ఒక జాబితా. చివర సంతకాలు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది మరో పేజీకి దారి అని ట్యాగులతో గుర్తు పెడితే బ్రౌజర్ అర్థం చేసుకుంటుంది. అయితే తొలి రోజుల్లో పేజీని ఎడమ ఒక భాగం, కుడి ఒక భాగం అని విడగొట్టే దారి హెచ్‌టీఎమ్‌ఎల్‌లో లేదు. అంకెల పట్టికలు వేసుకోవడానికి టేబుల్ ఉండేది. డిజైనర్లు దాన్ని పట్టుకున్నారు. గీతలు కనిపించకుండా చేసి, గడి లోపల గడి, దాని లోపల మరో గడి పెట్టి పేజీ నిలబెట్టారు. గడి కుంచించుకుపోకుండా కంటికి కనిపించని చుక్కంత బొమ్మను లోపల దూర్చేవాళ్లు. ఇల్లు కట్టడానికి సామాను లేనప్పుడు బీరువాలు పేర్చి గోడలు కట్టుకున్నట్టు ఉండేది.

దీనికి విరుగుడుగా సీఎస్‌ఎస్ వచ్చింది. హోకోన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించాడు, 1996 డిసెంబర్‌లో అది ప్రమాణంగా వెలువడింది. దాని సూత్రం తేలిక. రాత ఒక ఫైల్లో, రూపం ఇంకో ఫైల్లో. శీర్షిక ఏ రంగు, పేరా ఎంత వెడల్పు, ఏది ఎడమ, ఏది కుడి అన్నవన్నీ రెండో ఫైలు చూసుకుంటుంది. బ్రౌజర్లు దాన్ని సరిగా అర్థం చేసుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది. 2003లో డేవ్ షే అనే డిజైనర్ ‘సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్’ అని ఒక సైటు పెట్టాడు. అందులో రాత ఒక్కటే. సీఎస్‌ఎస్ ఫైలు మార్చితే చాలు, అదే పేజీ గుర్తుపట్టలేనంతగా వేరే రూపంలోకి వస్తుంది. దాన్ని చూసి చాలామంది టేబుల్స్ వదిలేశారు.

అది జరిగిన నాలుగేళ్ల తర్వాత, 2007లో, మాకు ఇనిస్టిట్యూట్‌లో డబ్బు తీసుకుని టేబుల్స్ నేర్పారు.

మొదటి ఇంటర్వ్యూ పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో. “టేబుల్స్ లేకుండా లేఅవుట్ చేస్తారా?” అని అడిగారు. “టేబుల్స్ లేకుండా పేజీ ఎలా నిలబడుద్ది సార్?” అని అడిగాం. వాళ్లు నవ్వారు. మమ్మల్ని తీసుకోలేదు గానీ, పోతూ ఉంటే ఒకాయన కాగితం మీద జెన్ గార్డెన్ పేరు రాసి ఇచ్చాడు. ఆ రాత్రి నెట్ సెంటర్లో ఆ పేజీ వ్యూ సోర్స్ తెరిచి చూస్తే టేబుల్ అనే మాటే లేదు. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గదికి తెచ్చుకున్నాం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సీఎస్‌ఎస్ పుస్తకం ఒకటి దొరికింది, అట్ట లేనిది. వంతులేసుకుని పగలొకరు రాత్రొకరు చేశాం. రెండు నెలలకు పని పట్టుబడింది. మమ్మల్ని చూసి నవ్వినవాళ్లు కూడా దాన్ని రెండు మూడేళ్ల కిందటే నేర్చుకుని ఉంటారని తర్వాత అర్థమైంది. పదేళ్ల అనుభవం ఉన్న టేబుల్స్ డిజైనరూ, రెండు నెలల మేమూ ఆ రోజున ఒకే వరుసలో ఉన్నాం. వేరే ఏ రంగంలో మాకు ఆ వరుస దొరికేది?

రెండో చోట ఉద్యోగం దొరికింది. ఒక ఫోటోషాప్ ఫైలు ఇచ్చి, మూడు గంటల్లో దీన్ని పేజీగా చేయండి అన్నారు. అప్పట్లో అదొక పెద్ద వ్యాపారం. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఎవరో డిజైన్ బొమ్మ గీస్తారు. దాన్ని ముక్కలు కోసి, కోడ్‌గా మార్చి పంపే పని ఇక్కడికి వస్తుంది. గీసిన గీతకీ తెర మీద గీతకీ ఒక్క పిక్సెల్ తేడా ఉండకూడదు. ఆ తేడా ఎప్పుడూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లోనే వచ్చేది. 2001లో వచ్చిన ఆ బ్రౌజర్ చేసే వింతలకు విరుగుళ్లు కంఠతా పట్టడమే అప్పటి ప్రతిభ. ఇప్పుడు వాటిలో ఒక్కటీ పనికిరాదు. కొన్ని మాకు ఇంకా గుర్తున్నాయి, మరచిపోదామన్నా పోవు.

పరీక్ష వరకూ కులం రాలేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వెళ్లిపోయారు, పేజీ బాగా వచ్చింది, అంతే. ఆ తర్వాత హెచ్‌ఆర్ గది. “ఫాదర్ ఏం చేస్తారు? సొంత ఊరెక్కడ? ఊళ్లో ఎక్కడ?” ఆ మూడో ప్రశ్నకు అర్థం చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. పేరు చివర రెడ్డి, చౌదరి, రావు, శర్మ లేకపోవడం కూడా ఇక్కడ సమాచారమే. ఇది మా అనుమానం మాత్రమే అని ఎవరైనా అంటారేమోనని రెండు అధ్యయనాలు చెబుతాం. రెండూ 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఒకే అర్హతలున్న దరఖాస్తులను పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు పంపి చూశారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే సంభావ్యతను, పైకులం పేరున్న దానితో పోల్చి లెక్కగడితే దాదాపు మూడింట రెండు వంతులే తేలింది. సురీందర్ జోద్కా, కేథరిన్ న్యూమన్ హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. కులం చూడం, ప్రతిభే చూస్తాం అన్నవాళ్లే కుటుంబ నేపథ్యం అడగడం తప్పనిసరి అన్నారు.

డిజైన్ పనిలో ప్రతిభకు ఇంకో పేరు ఉంది, టేస్ట్. కోడ్ తప్పయితే బ్రౌజర్ చెబుతుంది. టేస్ట్ లేదని చెప్పేది మాత్రం మనిషి. మేము పనిచేసిన ఒక చోట టీమ్ లీడ్ మా రంగులు చూసి “జాతర పోస్టర్లా ఉంది” అనేవాడు. జాతర పోస్టర్లో తప్పేముందో మాకు ఇప్పటికీ తెలియదు. దూరం నుంచి కనిపిస్తుంది, చదువు తక్కువ ఉన్నవాళ్లకూ విషయం అందుతుంది. అప్పుడు మాత్రం తల వంచుకుని బూడిద రంగులు, తెల్లటి ఖాళీలు నేర్చుకున్నాం. బయటి దేశపు క్లయింట్లతో నేరుగా ఫ్రీలాన్స్ చేసినప్పుడు ఆ మాట వినపడలేదు. వాళ్లకు పేజీ త్వరగా తెరుచుకుందా, కొనేవాడు బటన్ నొక్కాడా అన్నదే కావాలి. అందుకని ఫ్రీలాన్స్‌ను విముక్తి మార్గంగా చెప్పలేం. డబ్బు ఎగ్గొట్టినవాళ్లున్నారు, రాత్రిళ్లు మేలుకోవాలి, జబ్బు చేస్తే ఆ నెల కూలి లేదు. కూలి అన్న మాట తెలిసే వాడుతున్నాం.

ఆ రోజుల్లోనే, 2009లో, ఒంగోలు సంఘం సైటు చేశాం. ఉద్యోగంలో మాకు వచ్చిన మంచి పనులన్నీ అందులో పెట్టాం. అందుకే అది చచ్చిపోయింది.

ఫ్లాష్ సంగతి ముందు. అది బ్రౌజర్‌కు చెందింది కాదు. ఒక కంపెనీ తయారుచేసి పక్కన తగిలించిన యంత్రం. మొదట మాక్రోమీడియాది, 2005లో అడోబి చేతికి వెళ్లింది. కదిలే బొమ్మలు, పాటలు, ఆటలు అన్నీ దానితోనే. ఫ్లాష్ రానివాడు డిజైనరే కాదనే రోజులు. 2007లో వచ్చిన ఐఫోన్ దాన్ని ఒప్పుకోలేదు. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి మరీ వద్దన్నాడు. 2020 డిసెంబర్ 31తో అడోబి దానికి మంగళం పాడింది. ఆ తర్వాత కొన్ని రోజులకే పాత ఫైళ్లు ఆడకుండా ఆపేసింది. ఒక కంపెనీ తలుపు మూసుకుంటే లోపల దాచుకున్నవాళ్ల సామాను కూడా లోపలే ఉండిపోయింది. రఫుల్ అనే ఉచిత పనిముట్టు ఇప్పుడు కొన్ని ఫ్లాష్ ఫైళ్లను మళ్లీ ఆడిస్తుంది. మా నీలి జెండా దానితోనే మళ్లీ ఎగిరింది, కొంచెం వణుకుతూ.

ఫాంటు దెబ్బ ఇంకా లోతైనది. తెలుగు నేలలో కరపత్రం, వాల్‌పోస్టర్, పెళ్లికార్డు అన్నీ డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్ మీద, అనూ ఫాంట్లలో తయారయ్యేవి. వెబ్ డిజైన్‌లోకి వచ్చిన మనవాళ్లలో చాలామంది ముందు డీటీపీ ఆపరేటర్లు. అనూ లాంటి పాత ఫాంటులో జరిగేది ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి ఉంటాయి. కంటికి తెలుగు. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తెలుగు, లేని యంత్రంలో చెత్త. ఆ కాలంలో ఈనాడు లాంటి పత్రికల సైట్లు కూడా ఎవరి ఫాంటు వాళ్లదిగా నడిచాయి. వాటిని చదువుకోవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకునేవాళ్లం.

యూనికోడ్ పద్ధతి వేరు. అందులో ప్రతి అక్షరానికీ తనదైన ఒక సంఖ్య ఉంటుంది. ‘అ’ 3077, ‘క’ 3093. ఏ ఫాంటు వేసినా, ఏ యంత్రంలో తెరిచినా ఆ సంఖ్య మారదు. తెలుగుకు యూనికోడ్‌లో 128 స్థానాలు 1991 నుంచే ఉన్నాయి. మరి 2009లో మేము ఎందుకు వాడలేదు? విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, ఒత్తులు సరిగా కనిపించాలంటే విండోస్ సీడీ పెట్టి అదనపు ఫైళ్లు ఎక్కించుకోవాలి. ఊళ్లలో నెట్ సెంటర్లు ఆ పని చేయలేదు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. కాబట్టి బొమ్మగా మార్చి పెడితే అందరికీ కనిపిస్తుందిలే అనుకున్నాం. లేఖిని లాంటి పనిముట్లతో తెలుగు బ్లాగర్లు అప్పటికే యూనికోడ్‌లో రాస్తున్నారు. వికీపీడియా తెలుగులో 2003 నుంచే ఉంది. చూసి నేర్చుకోవాల్సింది అక్కడ ఉన్నా, మా కళ్లు ఇంగ్లీషు సైట్ల మీదే ఉన్నాయి.

దాని ఫలితం ఉద్యమాలకు తగిలింది. 1985 కారంచేడు మీద, 1991 చుండూరు మీద తెలుగులో వచ్చినన్ని కరపత్రాలు, బులెటిన్లు, నివేదికలు మరే విషయం మీదా రాలేదేమో అనిపిస్తుంది. కొత్త తరం విద్యార్థి తెలుగులో టైపు చేసి వెతికితే వాటిలో ఎన్ని దొరుకుతాయి? అనూలో ఉన్నవి వెతుకులాటకు దొరకవు. బొమ్మల్లో ఉన్నవి చూపు లేనివాళ్లకు వినపడవు. యూనికోడ్‌లో రాసి, శీర్షికకు శీర్షిక ట్యాగు పెడితే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని తెలుగులో చదివి వినిపిస్తుంది. మేము పరిశోధనలోకి వచ్చాక పట్టుకున్న సమస్య ఇదే. అందుబాటులో లేని రాత, పరిశోధకుడి లెక్కలో రాయని రాతగా మిగిలిపోతుంది.

పనిముట్లు ఆ తర్వాత కూడా మారాయి. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అని వ్యాసం రాశాడు. తెర ఎంత ఉంటే పేజీ అంతకు సర్దుకోవాలి, కొలతలు పిక్సెళ్లలో బిగించకుండా శాతాల్లో పెట్టాలి అన్నది సారం. పిక్సెల్ తేడా ఉండకూడదని మేము పడ్డ తిప్పలన్నీ ఆ దెబ్బతో తేలిపోయాయి. మళ్లీ మొదటి మెట్టు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఆ మార్పు మన ఊళ్లకు నిజంగా చేరింది. పేజీ చదివేది ఫోన్లోనే అయింది. 2017లో సీఎస్‌ఎస్ గ్రిడ్ బ్రౌజర్లన్నిట్లోకీ వచ్చింది. ఎడమ ఒక భాగం, కుడి ఒక భాగం అని పేజీని విడగొట్టే దారి అసలైన రూపంలో దొరకడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. ఒకప్పుడు బీరువాలతో పేర్చిన గోడలు ఇప్పుడు నాలుగు వరుసల కోడ్‌తో నిలబడతాయి.

అయితే ఈ కాలంలోనే వ్యూ సోర్స్ మూతబడింది. 2013లో ఫేస్‌బుక్ రియాక్ట్‌ను బయటికి ఇచ్చాక, అలాంటి జావాస్క్రిప్ట్ పనిముట్లతో పెద్ద సైట్లు కట్టడం మొదలైంది. అలాంటి సైటు సోర్స్ తెరిస్తే చాలాసార్లు ఒక ఖాళీ పెట్టె, ఖాళీలు తీసేసి నొక్కి కుదించిన కోడ్ కనిపిస్తాయి. పేజీ అంతా ఆ కోడ్ నడిచాక పుడుతుంది. తెలిసినవాళ్లు వేరే దారిలో చూడగలరు, కొత్తవాళ్లకు గోడే. 2020 లాక్‌డౌన్‌లో మా ఊరి చెల్లెలు ఒకామె ఫోన్లో హెచ్‌టీఎమ్‌ఎల్ నేర్చుకుంటూ మాకు ఫోన్ చేసింది. “అన్నా, మీరు సోర్స్ చూసి నేర్చుకున్నామంటారు, నా ఫోన్ మెనూలో ఆ మాటే లేదు” అంది. నిజమే, లేదు. ఆమెకు చూపించడానికి మేము చేతితో రాసిన చిన్న చిన్న పేజీలు వాట్సాప్‌లో పంపాం. ఫ్రీకోడ్‌క్యాంప్, ఎమ్‌డీఎన్ లాంటి ఉచిత పాఠాలు మా కాలంలో కంటే ఇప్పుడు ఎంతో మేలు, కానీ చాలావరకు ఇంగ్లీషులోనే. రియాక్ట్ దాకా వచ్చేసరికి ఫోన్ సరిపోలేదు. లాప్‌టాప్ కోసం తొమ్మిది నెలలు ఆగింది. ఆ తొమ్మిది నెలల్లో ఆమెతో పాటు మొదలుపెట్టిన, ఇంట్లో లాప్‌టాప్ ఉన్న పిల్లలు ఎక్కడికి పోయారో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక వాక్యం రాస్తే పేజీ కట్టిపెట్టే ఏఐ వచ్చింది. బ్యానర్లు, ఒక్క పేజీ సైట్లు, ఫోటోషాప్ ముక్కలు కోసే పని మాకు మొదటి అన్నం పెట్టాయి. అవి పోతున్నాయి. పనిముట్టు మారిన ప్రతిసారీ మొదటి మెట్టు మిగిలేది, ఈసారి ఆ మెట్టే ఉంటుందా అన్నది మా భయం. ఏఐ చేసిన పేజీలో తెలుగు పెట్టి చూడండి. వరుసకీ వరుసకీ మధ్య జాగా ఇంగ్లీషు అక్షరాల కొలతకు పెడుతుంది, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో కింది ఒత్తు తెగిపోతుంది, లేదా కింది వరుస మీద ఎక్కి కూర్చుంటుంది. ఆ తప్పు పట్టే కన్ను ఇంకా కావాలి. దానికి జీతం ఇచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారో చూడాలి.

కాబట్టి విద్యార్థులు అడిగితే ఇప్పుడు ఇలా చెబుతున్నాం. హెచ్‌టీఎమ్‌ఎల్‌ను మొక్కుబడిగా దాటేయొద్దు. 1991 నాటి మొదటి వెబ్ పేజీని సెర్న్ 2013లో మళ్లీ పెట్టింది, అది ఇవాళ మీ ఫోన్లోనూ తెరుచుకుంటుంది. బాబాసాహెబ్ ‘కుల నిర్మూలన’ను కొలంబియా యూనివర్సిటీ తరఫున ఫ్రాన్సెస్ ప్రిచెట్ వెబ్‌లో పెట్టినప్పుడు, ఆడంబరం లేని పేజీలుగా, వివరణలతో పెట్టారు. అది చదివి ఎంతమంది దాన్ని మొదటిసారి చూశారో. రియాక్ట్ నేర్చుకోండి, ఉద్యోగం దానిలో ఉంది. సంఘం రిపోర్టు మాత్రం యూనికోడ్‌లో, ఉత్త హెచ్‌టీఎమ్‌ఎల్‌లో పెట్టండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఒక ప్రతి పడేలా చూడండి. డొమైన్ ఒక్క మనిషి ఫోన్ నంబర్ మీద ఉంచొద్దు. తెలుగు ఫాంట్ల కొరత ఇప్పుడు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, మొత్తం ఆస్థానమే ఉంది. జాషువా పేరుతో ఒకటి మనవాళ్లెవరైనా గీయాలి.

ఇక ఆ సీడీ. మొత్తం 37 రిపోర్టులు. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు పోతాయి. మామూలు వాక్యంలో తప్పు పోతే అర్థం చేసుకోవచ్చు. చనిపోయినవాళ్ల పేర్లలో పోకూడదు. అందుకని ప్రతి పేరూ సంఘం ఆఫీసు ట్రంకుపెట్టెలో ఉన్న కాగితంతో సరిచూస్తున్నాం. ఇంకో జాగ్రత్త కూడా అవసరమైంది. 2009లో మేము ఆలోచన లేకుండా అత్యాచార బాధితుల వివరాలు ఉన్నవి ఉన్నట్టు పెట్టేశాం. అప్పటి ఐపీసీ 228ఎ దాన్ని నిషేధించింది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అదే సెక్షన్ 72. ఆ పేర్లు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేస్తున్నాం.

ఇప్పటికి 22 అయ్యాయి. ఊరి చెల్లెలే వాటికి పేజీలు రాస్తోంది, చేత్తోనే, ఒక్క సీఎస్‌ఎస్ ఫైలుతో. శీర్షిక రంగు ముదురు నీలం. ఆరు రిపోర్టులకు కాగితం దొరకలేదు. వాటిలో ఒకదానిలో, దెబ్బలు తిన్న ఒక ముసలామె పేరులో రెండో అక్షరం కింద ఒత్తు ఉందో లేదో తేలడం లేదు. ఫోన్ చేసి అడిగితే పెద్దాయన, “ఆమె కొడుకు ఆ పల్లెలోనే ఉంటాడు తమ్ముడూ, ఆదివారం పోయి అడిగొస్తా” అన్నాడు.